బంగినపల్లి అని కొన్న మొక్క, ఐదేళ్ల తర్వాత

పోయినేడాది మే నెలలో మా ఊరి నర్సరీ ఒకదానికి ఒక్క స్టార్ ఇచ్చాను. కోపంలో రాసింది రెండే ముక్కలు: "బంగినపల్లి అని చెప్పి నాటు మామిడి అంటగట్టారు. ఎవరూ వెళ్లొద్దు." దాన్ని మొన్న తీసేశాను. బదులుగా ఇది రాస్తున్నాను. ఇప్పుడు నేనిచ్చేది మూడు స్టార్లు. ఆ మూడూ దేనికి, మిగతావి ఎందుకు ఆపాను అన్నది చెప్పాలంటే ఐదేళ్ల సంగతి చెప్పాలి. కుక్కర్ కొంటే బాగుందో లేదో వారంలో తేలిపోతుంది. మొక్క అలా కాదు. నర్సరీ నుంచి తెచ్చి ఆటోలోంచి దించిన రోజు ప్రతి మొక్కా కళకళలాడుతూనే ఉంటుంది.

నర్సరీ పేరు రాయను. తప్పుల్లో సగం నావే అని తేలాక పేరు పెట్టి తిట్టడం బాగుండదు. ఒంగోలు దాటి హైవే ఎక్కితే పక్కన కనిపించేవాటిలో ఒకటి అనుకోండి, చాలు.

నేను బీఎస్‌ఎన్‌ఎల్‌లో పనిచేశాను. 2020 జనవరి 31న వీఆర్‌ఎస్ మీద దిగిపోయాను. ఆ ఒక్క రోజే దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా దిగిపోయాం కాబట్టి మా ఆఫీసులో శాలువాలు కప్పేవాళ్లకంటే కప్పించుకునేవాళ్లే ఎక్కువ. ఇంకో రెండు నెలలకి లాక్‌డౌన్ వచ్చిపడింది. పొద్దున్నే లేచి క్యారియర్ సర్దుకునే పని లేదు, వెళ్లాల్సిన చోటు లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక రెండు సెంట్ల ఖాళీ జాగా. అందులో ఒక మునగ చెట్టు, బట్టలుతికే బండ. పండ్ల చెట్లు పెట్టాలన్న పిచ్చి అప్పుడు పట్టింది.

మా ఆయన మొదటి రోజే అన్నారు: "ఉలవపాడు పోయి రెండు బుట్టలు తెచ్చుకుంటే పోయేదానికి ఇదంతా ఏంది?" ఉలవపాడు మాకు నెల్లూరు వెళ్లే దారిలో తగులుతుంది. మామిడికీ సపోటాకీ పేరున్న ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ మండలం ప్రకాశం నుంచి నెల్లూరు వైపుకి పోయింది గానీ, మా ఇంట్లో వేసవి వచ్చిందంటే ఇప్పటికీ ఉలవపాడు కాయే. ఆయన మాటలో న్యాయం ఉందని నాకు అప్పుడే తెలుసు. అయినా వినలేదు.

2020 ఆగస్టులో మాస్కులు కట్టుకుని వెళ్లాం. మామిడి ఒకటి, సపోటా ఒకటి, జామలు రెండు, నిమ్మ, దానిమ్మ ఒక్కొక్కటి, బొప్పాయిలు మూడు, ఇంకా (ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది) ఒక యాపిల్ మొక్క. మొత్తం 2,700 అయింది, ఆటోకి 250. యాపిల్ ఒక్కటే 650. "మేడం, ఇప్పుడు మన ఒంగోల్లోనే యాపిల్ కాయించుకుంటున్నారు" అన్నాడు అక్కడి అబ్బాయి. ముప్పై ఏళ్లు టెలిఫోన్ కంప్లయింట్లు విన్న మనిషిని, అబద్ధం గొంతు నాకు ఇట్టే తెలుస్తుంది. తెలిసీ కొన్నాను. పక్కింటావిడకి చూపించాలని.

వేడి ప్రాంతాల్లో కాసే యాపిల్ అబద్ధమేం కాదు. హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ అలాంటి రకం తీశారు. దాని పేరు హెచ్‌ఆర్‌ఎంఎన్ 99. ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. నాకు అమ్మిన మొక్క ఆ రకమో కాదో దేవుడికే తెలియాలి. ఏదైతేనేం, మా పెరట్లో అది చూసింది ఒక్క ఎండాకాలం. రోహిణి కార్తెలో వడగాలి మొదలైన నాలుగో రోజుకి ఆకులన్నీ అప్పడాల్లా అయిపోయాయి. గోరుతో గీకితే కాండం లోపల పచ్చదనం లేదు. పీకి పొయ్యిలోకి కూడా పనికిరాకుండా పారేశాను.

బొప్పాయి విషయంలో మాత్రం మోసం స్పష్టంగా జరిగింది. మూడూ రెడ్ లేడీ రకం అని అమ్మారు. ఆరేడు నెలలకి పూత వచ్చింది. రెండింటికి పొడుగాటి తీగల్లాంటి కాడలు వేలాడి, వాటి నిండా సన్న పూలు. అచ్చంగా మగ చెట్లు. కాయ ఉండదు. తర్వాత తెలుసుకున్నదేమిటంటే, అసలైన రెడ్ లేడీ విత్తనం నుంచి వచ్చేవి ఆడ చెట్లో, ఒకే పువ్వులో రెండూ ఉండే చెట్లో అవుతాయి తప్ప మగ చెట్లు రావు. అంటే ఎవరో తిన్న పండు గింజలు చల్లి పెంచి, పైన రెడ్ లేడీ అని చీటీ తగిలించారు. నర్సరీవాళ్లే చేశారో, వాళ్లకి తెచ్చిపోసినవాళ్లు చేశారో తెలియదు. అడిగితే "మాకు వచ్చిన చీటీనే మేడం అది" అన్నారు. ఒక స్టార్ ఇక్కడే పోయింది. మిగిలిన మూడో చెట్టు మాత్రం రెండేళ్లు విరగకాసింది. వీధిలో ఎవరికి డెంగీ అని తెలిసినా మా ఇంటికి బొప్పాకు కోసం వచ్చేవాళ్లు. ప్లేట్లెట్ల సంగతి డాక్టర్లని అడగండయ్యా అని చెప్పి మరీ ఆకులిచ్చేదాన్ని.

దానిమ్మ మొక్క కొన్నప్పుడే దానికి రెండు బుల్లి కాయలున్నాయి. చూసి మురిసిపోయి తెచ్చుకున్నాను. మొక్క కొనడంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే: సంచిలో ఉండగానే కాయలున్న మొక్క వద్దు. అది ముదురు మొక్క. ఏళ్ల తరబడి ఆ చిన్న సంచిలోనే ఉండి, వేళ్లు ఉండచుట్టుకుపోయి ఉంటాయి. నేలలో పెట్టినా ఆ చుట్టు విప్పుకోదు. మాది మూడేళ్లు బతికింది, మూరెడు కూడా పెరగలేదు. పీకి చూస్తే వేళ్లు సంచి ఆకారంలోనే ఉన్నాయి, బోర్లించిన గ్లాసులాగా. ఇప్పుడు ఏ మొక్క కొన్నా సంచి అడుగు చూస్తాను. చిల్లుల్లోంచి లావాటి వేరు బయటికొచ్చి నేలలోకి దిగి ఉంటే, దాన్ని పీకి మనకిస్తారు. అలాంటిది పది రూపాయలకిచ్చినా తీసుకోను.

ఇక నీళ్లు. ఒంగోలు వాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు గానీ బయటివాళ్ల కోసం చెబుతున్నాను. మా బోరు నీళ్లు ఉప్పు. సబ్బు నురగ రాదు, బకెట్ల అంచులకి తెల్లగా పేరుకుంటుంది. కుళాయి నీళ్లు మంచివే గానీ రోజూ రావు, వచ్చినవి తాగడానికీ వంటకీ సరి. మొక్కలకి బోరే గతి. పైగా నేను చేసిన తెలివితక్కువ పని ఇంకోటుంది. కుళాయి రాని రోజుల కోసం వంటింట్లో బోరు నీళ్లకి ఆర్‌వో పెట్టించుకున్నాం, అది వదిలేసే నీళ్లు వృథా ఎందుకని ఓ ట్యూబు తగిలించి నేరుగా నిమ్మ, మామిడి పాదుల్లోకి వదిలాను. పొదుపు చేస్తున్నానని ఎంత గర్వమో. ఏడాది తిరక్కుండా నిమ్మ ఆకుల కొసలు కాలినట్టు గోధుమరంగుకి తిరగడం మొదలైంది. ముందు తెగులనుకున్నా. వేపనూనె కొట్టా, పుల్లమజ్జిగ కొట్టా. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు నీళ్లలో ఉప్పు కొలిచే చిన్న మీటరు తెచ్చాడు. బోరు నీళ్లలో ముంచితే లీటరుకి 2,300 మిల్లీగ్రాములు చూపించింది. ఆర్‌వో వదిలే నీళ్లలో ముంచితే 3,000 దాటింది. అంతే మరి, మంచి నీళ్లు మనం తాగేసి, అందులోని ఉప్పంతా మిగిలిన నీళ్లలోకి నెడుతుంది ఆ మిషను. ఆ ఉప్పుని నేను చేజేతులా చెట్లకి పోశాను. దీనికి నర్సరీని ఏమంటాం?

ఉప్పుకి అన్ని చెట్లూ ఒకేలా ఉండవు. సపోటా ఓర్చుకుంటుంది. కొబ్బరి, రేగు ఇంకా గట్టివి. జామ ఓ మాదిరి. నిమ్మ, మామిడి మాత్రం సుకుమారం. కొనేటప్పుడు మీ నీళ్లెలా ఉంటాయమ్మా అని నర్సరీవాళ్లు ఒక్కమాట అడిగి ఉంటే నా నిమ్మ చెట్టు బతికేది. ఒంగోలు పక్కనే వ్యాపారం చేసుకుంటూ ఆ మాట అడక్కపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే నిమ్మ చచ్చిందని చెబితే ఇంకో మొక్క ఉత్తినే ఇచ్చారు. బాలాజీ రకం. రసీదు కూడా అడగలేదు. ఆ మాట కూడా రాయాలి. ఇప్పుడది పెద్ద సిమెంటు తొట్టిలో ఉంది. దానికి పోసేది ఏసీ నీళ్లు. ఏసీ పైపులోంచి పడే చుక్కల్లో ఉప్పుండదు. వేసవిలో రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి బకెట్ నిండుతుంది. అందులో పోషకాలు కూడా ఏమీ ఉండవు కాబట్టి నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్టు వేస్తాను. ఈ వేసవిలో మా ఇంట్లో నిమ్మకాయ కొనలేదు. ఏసీ బిల్లు గురించి మా ఆయన ఏదో లెక్క చెబుతారు, అది ఇక్కడ అనవసరం.

నేలలో ఉన్నవాటికి చేసిన ఉపాయం వేరు. మాకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. డాబా మీద పడ్డ వాన నీళ్ల గొట్టం ఇదివరకు వీధి కాలవలోకి ఉండేది. దాన్ని తిప్పి పెరట్లో పాదుల్లోకి పెట్టించాను. ప్లంబర్‌కి 1,200. ఐదేళ్లలో పెట్టిన ఖర్చుల్లో దేనికైనా ఐదు స్టార్లు ఇవ్వాలంటే ఆ గొట్టానికే ఇస్తాను. ఒక్క మంచి వానకి నేలలో పేరుకున్న ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది. ఎండాకాలం పాదుల్లో నాలుగంగుళాల మందాన ఎండాకులు, కొబ్బరి డొక్కలు పరుస్తాను. తడి ఆరకపోతే ఉప్పు పైకి తేలదు.

జామలు రెండూ బాగా వచ్చాయి. ఒకటి లోపల ఎర్రగా ఉంటుందని ఇచ్చారు, తెల్లగా వచ్చింది. తీపి ఉంది కాబట్టి గొడవ పెట్టుకోలేదు. మా కష్టమంతా పండు ఈగతో. వానాకాలం జామకాయ చూడ్డానికి నున్నగా ఉంటుంది, కోస్తే లోపల తెల్లటి పురుగులు కదులుతుంటాయి. మొదటి ఏడాది మా మనవరాలు ఒకటి సగం తిన్నాక చూసింది. ఆ పిల్ల ఇప్పటికీ జామకాయని రెండుగా కోసి, వెలుతురులో పెట్టి చూసుకుని గానీ తినదు. మిథైల్ యూజినాల్ ఎర ఉన్న బుట్ట కొని కట్టాను. దానికి మగ ఈగలు పడతాయి, సీసాలో చూస్తే పదులకొద్దీ కనపడి మనసుకి హాయిగా ఉంటుంది గానీ, పక్కిళ్లవాళ్లెవరూ కట్టకపోతే ఒక్క బుట్టతో పని పూర్తిగా జరగదు. అసలు ఉపాయం చెట్టుతోనే ఉంది. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. వేసవి పూత దులిపేసి, జూన్‌లో కొమ్మల కొసలు కత్తిరిస్తే పంట చలికాలానికి జరుగుతుంది. చలికాలంలో ఈగ తక్కువ, తీపి ఎక్కువ. మొదటిసారి కత్తిరించేటప్పుడు చెయ్యి రాలేదు. పండక్కి పిల్లకి జుట్టు కత్తిరించినట్టు ఏదో అపరాధం చేసినట్టే అనిపించింది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు పక్కనే. రాత్రంతా తలుపులు కొట్టుకుంటూనే ఉన్నాయి. తెల్లారి చూస్తే మిగిలిన బొప్పాయి మొదలంటా పడుంది, మునగ నడుముకి విరిగింది, ఒక జామ వేళ్లతో సహా పక్కకి ఒరిగిపోయింది. నల్లరేగడి తడిస్తే జావలా అవుతుంది, వేరుకి పట్టు దొరకదు. నేలింకా మెత్తగా ఉండగానే ఇద్దరు కూలీలని పిలిచి, జామని ఎత్తి నిలబెట్టి, మూడు వైపులా వెదురు బొంగులు పాతి, పాత చీర పీలికలతో కట్టించాను. తాడుతో కడితే బెరడు కోసుకుపోతుంది. కొమ్మలు సగానికి పైగా తీయించాను, ఊడిన వేళ్లు అంత చెట్టుని మోయలేవని. అది బతికింది. ఇప్పటికీ కొంచెం ఉత్తరానికి వంగే ఉంటుంది.

సపోటా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, చెప్పించుకునే అవసరమే రానివ్వని చెట్టు అది. కాలిపత్తి రకం, పాల అనే చెట్టు మొక్క మీద కట్టిన అంటు. మూడో ఏడు నుంచి కాస్తోంది. ఉప్పు నీళ్లన్నా, తుపానన్నా లెక్కలేదు. గబ్బిలాలు మాత్రం వాటా తీసుకుంటాయి. రాత్రి తిని గింజలు మా డాబా మీద వేసి పోతాయి. కాయ ముదిరిందా లేదా అని మొదట్లో తెలిసేది కాదు. పచ్చివి కోసి బియ్యంలో పెడితే పదిరోజులకి ముడతలు పడి, నోట్లో వగరుగా సాగేవి. గోరుతో చిన్నగా గీకాలి. కింద పచ్చగా కనపడి పాలు కారితే ఇంకా ఉంచాలి. పసుపు తిరిగి, పాలు రాకపోతే కోసుకోవచ్చు. ఈ ఒక్క మొక్కకే నేను నర్సరీకి రెండు స్టార్లు ఇచ్చేస్తాను.

ఇప్పుడు మామిడి దగ్గరికి వద్దాం.

2024 ఏప్రిల్‌లో మొదటిసారి కాసింది. ముప్పై ఒక్క కాయలు. రోజూ పొద్దున్నే లెక్కపెట్టేదాన్ని, ఒకటి రాలితే ఆ పూట మాట్లాడేదాన్ని కాదట, మా ఆయన చెబుతారు. మే మొదట్లో ఆరు కోసి మాగబెట్టాను. పండితే వాసన బాగానే ఉంది. తొక్క తీసి ముక్క నోట్లో పెట్టుకుంటే పళ్ల సందుల్లో అంతా పీచు. టెంక దగ్గర పులుపు. బంగినపల్లికి పీచేమిటి? మా ఆయన ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఉలవపాడు కాయలు ఒక బుట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ఆ రాత్రే నేను ఒక్క స్టార్ రాశాను.

రెండ్రోజులకి నర్సరీ ఓనరు ఫోన్ చేశాడు. గొడవ పడతాడేమో అనుకుని సిద్ధంగా ఉన్నా. "అమ్మా, నేనొకసారి వచ్చి చెట్టు చూడొచ్చా?" అన్నాడు. వెంట ఒక పెద్దాయనని తెచ్చాడు. నర్సరీలకి పేరున్న కడియం వైపు మనిషి. చిన్నప్పటి నుంచి అంట్లు కట్టడమే పని. ఆయన కాయని చూడలేదు, ఆకు చూడలేదు. పంచె ఎగ్గట్టి చెట్టు మొదట్లో కూర్చుని, నేను కప్పిన ఎండాకులన్నీ చేత్తో పక్కకి నెట్టి, మట్టి కొంచెం గోకాడు. మొదలుకి ఒక పక్కన బొటనవేలంత ఎండు మోడు ఉంది. నల్లగా, బోలుగా.

"ఇదిగోండి అమ్మగారూ, మీ బంగినపల్లి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. అంటు మొక్కలో కింద వేరు నాటు మామిడిది, టెంక పెట్టి మొలిపించింది. పైన కట్టిన కొమ్మ బంగినపల్లిది. రెండూ కలిసిన చోట ముడిలా ఉంటుంది. ఆ ముడి నేలకి జానెడు పైన ఉండాలి. ముడి కింద నుంచి వచ్చే పిలక ఏదైనా నాటుదే, కనపడగానే గిల్లేయాలి. గిల్లకపోతే వేరు తెచ్చిన బలమంతా అదే తినేసి, పైకొమ్మ ఎండిపోతుంది. "మీరు పెట్టేటప్పుడు ముడి మట్టిలోకి పూడ్చేశారండి. పైగా చూడండి" అని మోడు సందులోంచి గోటితో ఏదో లాగాడు. అంటుకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ. నాలుగేళ్ల కిందటిది, బెరడులోకి కోసుకుపోయి ఉంది. "ఇది విప్పి ఇవ్వాలండి. మావాళ్లు విప్పలేదు." ఓనరు వైపు చూశాడు. ఓనరు చెట్టు పైకి చూశాడు.

నాకు మాత్రం 2021 వేసవి గుర్తొచ్చింది. పైన ఆకులన్నీ వాడిపోయాయి, చచ్చిందనుకుని ఏడుపొక్కటే తక్కువ. వారం తిరక్కుండా మొదట్లో ఎర్రటి లేత చిగురు కనపడింది. ఎంత సంతోషమో! ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను, "బతికింది" అని. ముప్పై మంది చప్పట్లు కొట్టారు. ఆ చిగురుకే రోజూ నీళ్లు పోసి, ఎండ తగలకుండా తడిక కట్టి పెంచాను. ఆ ఫొటో ఇంకా ఫోన్లో ఉంది. చూపిస్తే పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "ఆయ్, ఇదేనండి నాటు పిలక" అని తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడే కొట్టేసి వేరే మొక్క పెడదామా అన్నాను. వద్దన్నాడు. ఇంత వేరున్న చెట్టు మళ్లీ రావాలంటే ఇంకో నాలుగేళ్లు. పైన కొమ్మ మార్చేద్దాం, అయితే ఈ ఎండల్లో కాదు, వానలు పడ్డాక అన్నాడు. చెప్పినట్టే జూన్ ఆఖరులో వచ్చి, మూడు పెద్ద కొమ్మల్లో రెండింటిని ఛాతీ ఎత్తులో రంపంతో కోశాడు. కోసిన చోట రంగు పూసినట్టు మందు పూశాడు. నెలలోపు మోడుల చుట్టూ గుత్తులుగా చిగుర్లొచ్చాయి. బలమైనవి నాలుగుంచి మిగతావి తీసేయమన్నాడు. ఆగస్టు చివర్లో బంగినపల్లి పుల్లలు తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. వాటి ఆకుల్ని వారం ముందే చెట్టు మీదే కత్తిరించి ఉంచాడట, కంటి దగ్గర మొగ్గ ఉబ్బుతుందని. బ్లేడుతో మా చిగురుని చీల్చి, పుల్ల మొన చెక్కి అందులో దించి, పట్టీ చుట్టి, పైన పాల ఐసు కవరు లాంటి సన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగాడు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఆయన చేతుల్ని చూస్తుంటే ఎక్స్ఛేంజిలో కేబుల్ జాయింట్లు కట్టే మా పాత లైన్‌మెన్లు గుర్తొచ్చారు. అంతే శుభ్రంగా, అంతే తొందర లేకుండా.

నాలుగింటిలో రెండు పట్టాయి. మూడు వారాలకి కవరు లోపల రాగి రంగు ఆకు విచ్చుకుంది. ఈసారి ఫొటో ఎవరికీ పంపలేదు. మూడో నెలలో పట్టీలు నేనే విప్పాను, బ్లేడు పట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఇప్పుడు ఒక్కోటి నాలుగడుగులు పెరిగాయి. ఈ ఏడు పూత రాలేదు. కింద నుంచి పిలక కనపడితే అన్నం ముందు నుంచి లేచి వెళ్లి గిల్లేస్తున్నాను.

ఓనరు దీనికి డబ్బు తీసుకోలేదు. ఇస్తే "మావాళ్లు పట్టీ విప్పలేదు కదమ్మా" అన్నాడు. పెద్దాయనకి మాత్రం 500 చేతిలో పెట్టాను.

మూడో కొమ్మని ఎందుకు కోయలేదంటే, అది మా అత్తయ్య పని. ఆవిడది అద్దంకి దగ్గర పల్లె, వయసు ఎనభై దాటింది. ఆ మే నెలలో నేను మాగబెట్టిన ఆరు కాయలు పోను మిగతావి చెట్టు మీదే ఉన్నాయి. నేను కోపంతో అటు చూడ్డం మానేశాను. ఆవిడ పనమ్మాయి చేత కోయించి, ఒకటి పగలగొట్టి, ముక్క నాలిక మీద పెట్టుకుని, "పిచ్చిదానా, ఇట్టాంటి కాయ కోసం ఊళ్లల్లో చెట్లు గుత్తకి తీసుకుంటారు. పులుపు చూడు, టెంక చూడు. ఆవకాయకి బంగినపల్లి ఏం పనికొస్తది, నెల తిరక్కుండా మెత్తబడిపోద్ది" అన్నారు. ఆ పచ్చడి ఈ సంక్రాంతికి కూడా ముక్క కరకరలాడింది. పెద్దాయన రంపం తీసుకుని మూడో కొమ్మ దగ్గరికి వెళ్తుంటే, ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి కుర్చీ వేసుకుని దాని కిందే కూర్చున్నారు. అందుకని ఆ కొమ్మకి ఎర్ర గుడ్డ కట్టాం, నాటుది ఏదో, అంటుది ఏదో పొరపాటు పడకుండా. పక్కింటావిడ దిష్టికి కట్టామనుకుంటోంది. ఈ వేసవిలో ఆ ఒక్క కొమ్మే నలభైకి పైగా కాసింది. ఒక జాడీ నర్సరీకి పంపాను, పెద్దాయన పేరు మీద.

కాబట్టి వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది: ఆ నర్సరీలో సపోటా, జామ, నిమ్మ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మామిడి తీసుకుంటే అంటు ముడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి, పట్టీ అక్కడే విప్పించుకోండి. బొప్పాయి వద్దు. ఎత్తుగా ఉన్న మొక్క కంటే మొదలు లావుగా ఉన్నది చూసుకోండి. పెద్దాయన ఉన్న రోజు వెళ్లండి. సోమవారం ఉండడు. ఆదివారం వెళ్తే కార్లు పెట్టుకోవడానికి కూడా జాగా ఉండదు, అడిగినదానికి సమాధానం చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

పాత రివ్యూ తీసేశానని చెబుదామని మొన్న వెళ్లాను. నాలుగు స్టార్లు ఇద్దామనే అనుకుంటూ వెళ్లాను. గేటు దగ్గర, నాకు యాపిల్ అమ్మిన అబ్బాయే ఎదురొచ్చాడు. ఇప్పుడు మీసాలొచ్చాయి. "మేడం, అవకాడో వచ్చింది, రెండేళ్లలో కాపు" అన్నాడు. పండ్ల చెట్లన్నిట్లోకీ ఉప్పుకి తట్టుకోలేని వాటిలో అవకాడో ముందుంటుందని ఈ ఐదేళ్లలో నేను నేర్చుకున్నాను. "మా బోరు ఉప్పు నీళ్లయ్యా, బతుకుతుందా?" అని అడిగాను.

"గ్యారంటీ మేడం" అన్నాడు.

నాలుగో స్టార్ గేటు దగ్గరే ఆగిపోయింది.